పుట్టినరోజు నాడు ఆఫీసులోనే ఉండిపోయాను

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కొత్త ఉద్యోగం, ఇల్లు, ఈ రెంటి మధ్య నలగడం గురించే. మొదటి ఉత్తరం రాసినమ్మాయి బాధ చాలా ఇళ్ళలో ఉన్నదే. అందుకని దానికే ఎక్కువ చోటిస్తున్నాను.

ప్రశ్న: నమస్తే అమ్మా. నాకు మొన్ననే 22 నిండాయి. ఒక ఆఫీసు అకౌంట్స్ సెక్షన్‌లో చేరి రెండు నెలలు కావస్తోంది. ఇంట్లో అమ్మ, నాన్న, నానమ్మ, తొమ్మిదో తరగతి చదివే తమ్ముడు ఉంటారు. నా పుట్టినరోజు సరిగ్గా నెలాఖరున వచ్చింది. మంత్ ఎండ్ క్లోజింగ్ అంటే మా సెక్షన్‌లో ఎవరూ తలెత్తరు. పొద్దున్న వెళ్ళేటప్పుడు ఆరున్నరకల్లా వచ్చేస్తానని అమ్మకు మాటిచ్చాను. ఆరింటికి చుట్టూ చూస్తే ఒక్కరూ లేవలేదు. మొన్న మొన్న చేరినదాన్ని, అందరికంటే ముందు బ్యాగు తగిలించుకుంటే ఏమనుకుంటారోనని టెన్షన్. ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో పడేశాను. ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది.

తమ్ముడు నా పేరులోని అక్షరాలు రంగు కాగితాలతో కత్తిరించి హాల్లో గోడకి అంటించాడు. అప్పటికే చివరి అక్షరం ఊడి సోఫా వెనక పడిపోయింది. నానమ్మ నిద్ర ఆపుకుంటూ కుర్చీలోనే కూర్చుంది. నాన్న చేతిలో చిన్న వాచీ పెట్టె ఉంది. అమ్మ ఆ రోజు ఒక పూట సెలవు పెట్టిందని తర్వాత తెలిసింది. నేను మాత్రం ‘ఇప్పుడేం వద్దు, తల పగిలిపోతోంది’ అనేసి గదిలోకెళ్ళి పడుకున్నాను. అప్పట్నుంచి అమ్మ ముక్తసరిగా మాట్లాడుతోంది. నాన్నేమో ‘ఉద్యోగం వచ్చింది కదా, ఇంక మేమెక్కడ గుర్తుంటాం’ అన్నారు. మా సెక్షన్‌లో 23 మందిమి ఉన్నాం. ఆ రోజు నా పుట్టినరోజని ఒక్కరికీ తెలీదు. మధ్యాహ్నం వాష్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను. ఇంట్లోవాళ్ళకి ఎలా నచ్చజెప్పను? ఇలాంటి రోజు త్వరగా వెళ్తానని ఆఫీసులో ఎలా అడగాలి?

– ఒక పాఠకురాలు

జవాబు: తల్లీ, నీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆ ఊడిపోయిన అక్షరం సంగతి. అంత అలసటలో కూడా నీ కంట అది పడిందంటే నీ మనసు ఇంటి మీదే ఉందని తెలుస్తూనే ఉంది. ఆ మాటే మీవాళ్ళకి ఇంకా తెలియలేదు.

ఒక్కసారి వాళ్ళవైపు నుంచి ఆలోచించు. చదువుకున్నన్నాళ్ళూ నీ రోజు మొత్తం వాళ్ళకి తెలుసు. ఏ రోజు ఏ పరీక్ష, ఏ టీచరు కోప్పడ్డారు, ఏ స్నేహితురాలితో మాటల్లేవు, అన్నీ తెలుసు. ఇప్పుడు పొద్దున్న తలుపు వేసుకుని వెళ్తావు, రాత్రి తలుపు తీసుకుని వస్తావు. మధ్యలో ఏం జరుగుతోందో వాళ్ళకి ఒక్క ముక్క తెలీదు. నీ పక్క సీటులో ఎవరు కూర్చుంటారో మీ అమ్మకి తెలుసా? నెలాఖరుకి అకౌంట్స్‌లో అంత హడావిడి ఎందుకో నాన్నకి ఎప్పుడైనా చెప్పావా? చెప్పి ఉండవనే అనుకుంటున్నాను. కబురు లేనప్పుడు మనుషులు ఏదో ఒకటి ఊహించుకుంటారు. ఎక్కువగా చెడ్డదే ఊహించుకుంటారు. మీ నాన్నగారి నోట వచ్చిన మాట అలాంటి ఊహే. మీవాళ్ళు ఆ సాయంత్రం మూడు గంటలు ఏ కబురూ లేకుండా కూర్చున్నారు. ఆలస్యం కన్నా అది ఎక్కువ బాధపెడుతుంది.

నచ్చజెప్పే పని పెట్టుకోకు. నీ ఉద్యోగాన్ని కాస్త కాస్తగా ఇంటికి తీసుకురా. రోజూ రాత్రి ఓ పది నిమిషాలు ఫోన్ వేరే గదిలో పెట్టేసి హాల్లో కూర్చో. ‘ఎలా గడిచింది?’ అంటే ‘బాగానే’ అనకు. ఆ ఒక్క మాటతో సంభాషణ ముగిసిపోతుంది. ఆ రోజు జరిగింది ఒక్కటి, చిన్నదైనా సరే, జరిగింది జరిగినట్టు చెప్పు.

నీ పనిలో చెప్పడానికేం ఉంటుందనుకుంటావేమో. బోలెడుంటుంది. ఒక ఉదాహరణ చెప్తాను. లెక్కల్లో రెండు మొత్తాలు కలవకపోతే, ముందు ఆ తేడాని 9తో భాగించి చూడమని అకౌంట్స్‌లో కొత్తగా చేరినవాళ్ళకి సీనియర్లు చెప్తుంటారు. నీకూ ఈపాటికి ఎవరో చెప్పే ఉంటారు. 540 అని వేయాల్సిన చోట 450 అని వేస్తే తేడా 90. 82 బదులు 28 వేస్తే 54. పక్కపక్క అంకెలు ఏవి తారుమారైనా తేడా 9తో శేషం లేకుండా పోతుంది. అందుకని తేడా 9తో తెగితే ఎక్కడో అంకెలు అటూ ఇటూ అయి ఉండొచ్చని ముందుగా అక్కడ వెతుకుతారు. ఇది మీ తమ్ముడికి చెప్పి చూడు. వాడు కాగితం తెచ్చి వాడికి తోచిన అంకెలన్నీ తారుమారు చేసి నిన్ను పరీక్షిస్తాడు. నీతో పాటు ఆ కాగితం మీదకి నాన్నా వంగుతారు. ‘అక్క ఆఫీసులో చేసే పని ఇదన్నమాట’ అని ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. ఆ మర్నాడు నువ్వు ఆలస్యంగా వస్తే ‘తేడా దొరకలేదేమో పాపం’ అని వాళ్ళే అనుకుంటారు.

ఇక పుట్టినరోజు. వచ్చే సెలవు రోజున మళ్ళీ చెయ్యమని నువ్వే అడుగు. తేదీ దాటిపోయిందని మొహమాటపడకు. ఫిబ్రవరి 29న పుట్టినవాళ్ళు మామూలు ఏళ్ళలో 28నో, మార్చి 1నో చేసుకుంటూనే ఉన్నారు కదా. 2100 లీపు సంవత్సరం కాదు కాబట్టి, 2096 తర్వాత వాళ్ళకి ఆ తేదీ మళ్ళీ 2104లో గానీ రాదు. అలాగని ఎనిమిదేళ్ళు ఊరుకుంటారా? తమ్ముడితో కూర్చుని ఆ ఊడిన అక్షరం నువ్వే అంటించు. వాచీ నాన్న చేతే పెట్టించుకో. అమ్మ దగ్గర ఊరికే సారీ అని వదిలేయకు. ‘నువ్వు సెలవు పెట్టి నా కోసం ఎదురుచూస్తుంటే నేను ఫోన్ కూడా చేయలేదమ్మా’ అను. తను ఏం చేసిందో నీకు తెలుసన్న సంగతి ఆమెకి తెలియాలి. నానమ్మ పక్కన ఎక్కువసేపు కూర్చో, ఆవిడకి ఇంకేం అక్కర్లేదు.

ఆఫీసు సంగతి. నేను ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ సెక్షన్‌లో పనిచేసినన్నాళ్ళూ కొత్తగా చేరేవాళ్ళ కాగితాలు నా బల్ల మీదుగానే వెళ్ళేవి. మొదటి నెలల్లో అందరిదీ ఒకటే తీరు. పని అయిపోయినా కుర్చీలోంచి లేవరు. ఇంటి నుంచి ఫోన్ వస్తే మెట్ల దగ్గరికెళ్ళి గుసగుసగా మాట్లాడతారు. అందరి కళ్ళూ తమ మీదే ఉన్నాయనుకుంటారు. ఈ విషయం మీద 2000లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు చేశారు. ఒక గాయకుడి పెద్ద బొమ్మ ఉన్న, వేసుకోవడానికి సిగ్గుపడే టీషర్టు తొడిగి విద్యార్థుల్ని ఒక్కొక్కరినే తోటివాళ్ళున్న గదిలోకి పంపారు. గదిలో ఇంచుమించు సగం మంది ఆ బొమ్మని గుర్తించి ఉంటారని టీషర్టు వేసుకున్నవాళ్ళు అనుకున్నారు. తీరా అడిగితే గుర్తించింది దాదాపు పావువంతే. మంత్ ఎండ్ రోజు ఎవరి లెక్క వాళ్ళు చూసుకుంటున్న గదిలో నీ బ్యాగు వైపు చూసే తీరిక ఎంతమందికి ఉంటుందో నువ్వే ఆలోచించు.

అలాగని చెప్పకుండా లేచి వెళ్ళమనడం లేదు. అడగడానికీ ఒక పద్ధతుంది. నెలాఖరు ఎప్పుడు వస్తుందో అందరికీ ముందే తెలుసు, నీ పుట్టినరోజూ అంతే. కాబట్టి వారం ముందే అడుగు. అడిగేటప్పుడు పని గురించి మొదలుపెట్టు. ‘సర్, ఫలానా తేదీన నేను ఆరింటికి వెళ్ళాలి. నా వంతు బ్యాంకు లెక్కలు ఆ మధ్యాహ్నానికల్లా సరిచూసి ఇచ్చేస్తాను. ఏదైనా మిగిలితే మర్నాడు గంట ముందొచ్చి పూర్తి చేస్తాను.’ ఈ మాత్రం చాలు. కారణం అడిగితే పుట్టినరోజని చెప్పు, అందులో దాచాల్సిందేం లేదు. ఇలా అడిగినవాళ్ళని కాదన్న పై అధికారులు నాకు పెద్దగా తగల్లేదు. అయిదూ ముప్పావుకి బ్యాగుతో సహా వచ్చి నిలబడ్డవాళ్ళకే చాలాసార్లు కుదరదన్నారు. అప్పటికి పని ఎవరికి అప్పగించాలో వాళ్ళకీ తోచదు మరి. అడిగినా ఒప్పుకోలేదనుకో, నాలుగింటికే ఇంటికి ఫోన్ చేసి ‘తొమ్మిదవుతుంది, నానమ్మని పడుకోమను’ అని చెప్పేయి.

ఒక్కరికీ తెలీదని ఏడ్చానన్నావు. నువ్వు చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుందమ్మా? కొత్తవాళ్ళతో మాట్లాడి వచ్చాక, మనం వాళ్ళకి ఎంత నచ్చామన్నది చాలామంది తక్కువగానే అంచనా వేసుకుంటారని 2018లో వచ్చిన మరో పరిశోధన తేల్చింది. కాబట్టి నువ్వే చొరవ తీసుకుని సెక్షన్‌లో అందరి పుట్టినరోజులూ ఒక కాగితం మీద రాయించి గోడకి పెట్టించు. 23 మంది ఉన్న చోట ఎవరో ఒక ఇద్దరిది ఒకే తేదీ అయ్యే అవకాశం సగం కంటే కొంచెం ఎక్కువే. నమ్మబుద్ధి కాదు గానీ నిజం. 23 మందిని ఇద్దరిద్దరిగా పోల్చి చూస్తే 253 జతలవుతాయి, అందుకని. లెక్కలవాళ్ళ సెక్షన్ కదా, ఈ మాట అంటే చాలు, కాగితం మీద తమ తేదీ వేయడానికి అందరూ నీ చుట్టూ చేరతారు.

ప్రశ్న: మా అబ్బాయి ఈమధ్యే ఉద్యోగంలో చేరాడు. ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఫోన్ పట్టుకుంటాడు. ఏమైనా అడిగితే ‘ఇంటర్వ్యూ చేయకమ్మా’ అని విసుక్కుంటాడు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఇల్లే లోకంగా బతికినదాన్ని, నాకేం తెలుస్తుందిలే అని వాడి ఉద్దేశమా?

– ఓ తల్లి

జవాబు: అలా అనుకోకండి. కొత్త ఉద్యోగంలో పనికంటే ముందు మనుషుల్ని నేర్చుకోవాలి. ఎవరి పేరేమిటి, ఎవరిని ఏమని పిలవాలి, ఏ కాగితం ఎవరికివ్వాలి, ఎవరి దగ్గర నవ్వకూడదు, ఇవన్నీ ఒకేసారి బుర్రలోకి ఎక్కించుకుని ఇంటికొస్తాడు. గుమ్మంలోనే ప్రశ్న ఎదురైతే అది కూడా మరో పనిలాగే అనిపిస్తుంది. ఓ అరగంట వదిలేయండి. తర్వాత మీరే మీ రోజు గురించి మొదలుపెట్టండి. ఇవాళ ఎవరు వచ్చారు, ఏం విన్నారు, దేనికి నవ్వొచ్చింది చెప్పండి. మీరు చెప్తే వాడూ చెప్తాడు, వెంటనే కాకపోయినా. అడగాలనిపిస్తే ‘ఆఫీసు ఎలా ఉంది?’ అని అంత పెద్ద ప్రశ్న వద్దు. ‘నీ పక్కన కూర్చునేది ఎవర్రా?’ అని అడగండి. దానికి జవాబు సులువు, అక్కడి నుంచి కబుర్లు వాటంతటవే వస్తాయి. రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్ చూస్తుంటే మాత్రం గట్టిగానే చెప్పండి. పెద్దవాళ్ళకి రోజుకి కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులు అంటారు. నిద్ర చాలనివాడికి మర్నాడు ఆఫీసులోనూ విసుగే, ఇంట్లోనూ విసుగే.

ప్రశ్న: మొదటి జీతం వచ్చింది మేడమ్. మొత్తం తన చేతికిస్తాననే నాన్న అనుకుంటున్నారు. స్నేహితులు పార్టీ అంటున్నారు. కొంత నా దగ్గరే ఉంచుకుంటే స్వార్థం అవుతుందా?

– ఒక యువకుడు

జవాబు: కాదు బాబూ. కానీ చాటుగా ఉంచుకోవద్దు, చెప్పి ఉంచుకో. పే స్లిప్ ప్రింట్ తీసి నాన్న ముందు పెట్టు. మొత్తం జీతం ఎంత, కోతలు ఏమిటి, చేతికొచ్చింది ఎంత, గీత గీసి చూపించు. చాలామంది తండ్రులు ఆఫర్ లెటర్‌లో చూసిన అంకెనే మనసులో పెట్టుకుంటారు. చేతికొచ్చింది తక్కువగా కనిపిస్తే ఎక్కడికి పోయిందా అని అనుమానపడతారు. ఆ తర్వాత ఇంటి బిల్లుల్లో ఏదో ఒకటి, కరెంటు బిల్లు అనుకో, పూర్తిగా నీ మీద వేసుకో. ఇక దాని గురించి ఇంట్లో ఎవరూ తలుచుకునే అవసరం రాకూడదు. నెలకింత అని చేతిలో పెట్టడం కంటే అలా ఒక బరువు మొత్తంగా తీసుకుంటేనే నాన్నకి నీ మీద ధైర్యం వస్తుందని నా నమ్మకం. మిగిలిన దాంట్లో కొంత ప్రతి నెలా విడిగా పెడుతూ, మూడు నుంచి ఆరు నెలల ఖర్చుకి సరిపడేంత పోగయ్యేదాకా దాన్ని ముట్టుకోకు. ఆ పైన దాచేదానికి ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకో. 72ని ఏడాది వడ్డీ శాతంతో భాగిస్తే డబ్బు ఇంచుమించు ఎన్నేళ్ళలో రెట్టింపవుతుందో వస్తుంది. చక్రవడ్డీ 8 శాతమైతే తొమ్మిదేళ్ళు. స్నేహితులకి పార్టీ ఇవ్వు, కాకపోతే ఇంట్లోవాళ్ళతో ఒక సాయంత్రం గడిపాకే ఇవ్వు. ఎంత ఖర్చయిందో నాన్న అడగకముందే నువ్వే చెప్పు.