పాత సిగరెట్ కార్డుకు కత్తెర పడిందా?

ప్రశ్న: మా తాతగారి ట్రంకు పెట్టెలో 1930ల నాటి ప్లేయర్స్ సిగరెట్ కార్డులు (సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన బొమ్మల అట్టలు) దొరికాయి. వాటిలో లేనివి ఆన్‌లైన్‌లో కొని జత చేస్తున్నాను. ఇటీవల వచ్చిన కార్డు మూలలు ఎంతో పదునుగా ఉన్నాయి గానీ, అది మావాటికన్నా కాస్త పొట్టిగా ఉంది. దాన్ని కత్తిరించి అమ్మారా? మా కార్డుల మీది గోధుమరంగు మచ్చల వల్ల వాటిని కూడా అనుమానిస్తారా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మీ అనుమానం సమంజసమే. ఆనాటి ప్రామాణిక సిగరెట్ కార్డు సుమారు 68 మిల్లీమీటర్ల పొడవు, 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. అయితే కర్మాగారంలో కోసేటప్పుడే స్వల్ప తేడాలు వచ్చేవి కనుక, కొలతను మాత్రమే నమ్ముకుని తీర్పు చెప్పకూడదు. పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో నాలుగు అంచులనూ పరిశీలించండి. దశాబ్దాలుగా గాలి తగిలిన అట్ట అంచు మిగతా కార్డుతో పాటే రంగు మారి మెత్తబడుతుంది. బొమ్మ మీద గీతలు, వెనుక మురికి ఉండి, ఒక్క అంచు మాత్రం తెల్లగా, కొత్తగా కోసినట్లు కనిపిస్తే అది కత్తెర పనేనని నేను గట్టిగా అనుమానిస్తాను.

ఈ మోసం చిన్న బేరాలకే పరిమితం కాదు. 1909–11 నాటి టి206 అనే అమెరికా సిగరెట్ కార్డుల శ్రేణిలో బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ ఉన్న ఒక కార్డుకు, కార్డుల స్థితిని పరీక్షించి మార్కులిచ్చే పీఎస్‌ఏ అనే గ్రేడింగ్ సంస్థ తన మొదటి నంబరునిచ్చి, పదికి ఎనిమిదో గ్రేడు కట్టబెట్టింది. దాని అంచులను తానే కత్తిరించానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో న్యాయస్థానంలో ఒప్పుకున్నాడు.

కత్తిరించడమే కాక, అరిగిన చోట రంగు అద్ది అమ్మే మోసమూ ఉంది. అలా అద్దిన చోట సిరా అట్ట పీచుల్లోకి పాకి, చుట్టూ ఉన్న ముద్రణతో కలవకుండా ముద్దగా కనిపిస్తుంది. నోట్లను పరీక్షించే అతినీలలోహిత దీపం కింద అటువంటి అతుకులు తరచుగా బయటపడతాయి. కాగితానికి తెలుపునిచ్చే రసాయనాల వాడకం రెండో ప్రపంచయుద్ధం తరువాతనే వ్యాపించింది కనుక, 1930ల నాటిదని చెప్పిన కార్డు ఆ దీపం కింద నీలంగా మెరిస్తే దాన్ని కొనవద్దు.

మీ కార్డుల మచ్చల సంగతి వేరు. కోనసీమ తేమకు పాత కాగితం మీద బూజు మచ్చలు రావడం సహజం. అది దెబ్బతినడమే గానీ మార్పు చేయడం కాదు. వాటిని బ్లీచింగ్‌తో తుడిస్తే మాత్రం అది మార్పు కిందికే వస్తుంది. ఆనాటి కార్డులు కొన్నింటికి వెనుక జిగురు ఉండేది కనుక, వానాకాలంలో అంటుకుపోయినవాటిని ఆవిరి పట్టి విడదీయకండి. వెనుక పొర ఊడి వస్తుంది. విడిగా ఉన్నవాటిని పీవీసీ లేని కవర్లలో, సిలికా జెల్ పొట్లంతో మూతబిగువైన డబ్బాలో దాచండి. కొత్త కార్డు అమ్మినవారికి నాలుగు అంచుల ఫొటోలూ పంపి, సొమ్ము వాపసు గడువు దాటకముందే రాతపూర్వకంగా వివరణ అడగండి.