ఉబుంటు సెట్టింగ్స్: కనిపెట్టడం ఒక పని, దాచుకోవడం ఇంకో పని

ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాక కీబోర్డ్ షార్ట్‌కట్లు, తెలుగు లేఅవుట్, డాక్ అమరిక అన్నీ పోయాయన్నారు. టైమ్‌షిఫ్ట్ (సిస్టమ్ బ్యాకప్ టూల్) సరిపోతుందా, షేమ్వా (chezmoi, కాన్ఫిగ్ ఫైళ్ళని నిర్వహించే టూల్) నేర్చుకోవాలా, సెట్టింగ్స్ ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే చాలా అని అడిగారు. గుంటూరు అరండల్‌పేటలో మా అన్నయ్య నెట్ సెంటర్ సిస్టమ్స్ నేనే చూస్తుంటాను. అన్నీ ఉబుంటువే. అక్కడి అనుభవంతో చెబుతున్నాను.

టైమ్‌షిఫ్ట్‌ని పక్కన పెట్టండి. అది సిస్టమ్ ఫైళ్ళ కోసం, మనం ప్రత్యేకంగా చెబితే తప్ప హోమ్ ఫోల్డర్ జోలికి రాదు. అప్‌డేట్ తర్వాత మెషీన్ లేవకపోతే ఆదుకుంటుంది, అంతే. మీ షార్ట్‌కట్లు ఉండేది హోమ్‌లో.

గ్నోమ్ (ఉబుంటు డెస్క్‌టాప్) తన సెట్టింగ్స్‌ చాలావరకు డీకాన్ఫ్ అనే డేటాబేస్‌లో రాస్తుంది. అదంతా ఒకే బైనరీ ఫైలు. కాపీ చేసుకోవచ్చు గానీ చదవలేం. గిట్‌లో (ఫైళ్ళలో మార్పుల చరిత్ర దాచే టూల్) పెట్టినా మారిందని చెబుతుందే తప్ప ఏం మారిందో చూపించదు. అందుకే ఫోల్డర్ మొత్తం ఎత్తి పెన్‌డ్రైవ్‌లో వేయడం నాకు నచ్చదు. పైగా అందులో లాగిన్ టోకెన్లు, నానా చెత్తా ఉంటాయి.

ఏం మారుతోందో పట్టుకోవడానికి టెర్మినల్‌లో డీకాన్ఫ్ వాచ్ అని కొట్టి, పక్కన స్లాష్ పెట్టి వదిలేయండి. సెట్టింగ్స్‌లో ఏది నొక్కినా ఆ సెట్టింగ్ పేరు (దీన్నే కీ అంటారు), కొత్త విలువ అక్కడ పడతాయి. మా దగ్గర అప్లికేషన్ నింపడానికి వచ్చినవాళ్ళు ఏదో నొక్కి వెళ్ళిపోతారు, తర్వాతి మనిషికి అక్షరాలన్నీ పెద్దగా కనిపిస్తాయి. లార్జ్ టెక్స్ట్ ఆన్ చేసి చూస్తే టెక్స్ట్ స్కేలింగ్ ఫ్యాక్టర్ 1.25 అని పడింది. ఇక వెతుకులాట లేదు.

దాచుకోవడానికి డీకాన్ఫ్ డంప్ కమాండ్. అదే స్లాష్ ఇచ్చి ఫలితాన్ని ఒక టెక్స్ట్ ఫైల్లోకి పంపండి. డిఫాల్ట్‌గా ఉన్నవి అందులో రావు, మార్చినవే వస్తాయి. కాబట్టి ఫైలు చిన్నది, మనిషి చదవగలిగేది. విండో సైజుల్లాంటి పనికిరానివి కూడా కొన్ని ఉంటాయి, పట్టించుకోకండి. దీన్ని గిట్‌లో పెట్టి, ఏదైనా మార్చినప్పుడల్లా డంప్ చేసి కమిట్ చేస్తే (గిట్‌లో నమోదు చేస్తే) నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వరుసలవారీగా కనబడుతుంది. గిట్ ఉన్న డిస్కే పోతే మాత్రం అన్నీ పోతాయి. వేరే డిస్కులో ఒక కాపీ ఉండాలి.

తిరిగి పెట్టడం డీకాన్ఫ్ లోడ్‌తో. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. లోడ్ చేస్తే ఫైల్లో ఉన్నవి వచ్చి చేరతాయి గానీ, ఫైల్లో లేనివి చెరిగిపోవు. మొత్తం పాత స్థితి కావాలంటే ముందు రీసెట్ చేయాలి. ఉబుంటు వెర్షన్ మారితే ఆ పని వద్దు, షార్ట్‌కట్ల భాగం, ఇన్‌పుట్ సోర్సుల భాగం విడివిడిగా డంప్ చేసుకుని అవే లోడ్ చేసుకోండి.

మీ తెలుగు లేఅవుట్ సంగతి. ఐబస్‌తో (తెలుగులాంటి భాషల టైపింగ్ సాధనం) టైప్ చేసేవాళ్ళయితే సెట్టింగ్ వెనక్కి వచ్చినా ఐబస్ ఎమ్17ఎన్ ప్యాకేజీ లేకపోతే అక్షరం పడదు. ఫాంట్లు, ఎక్స్‌టెన్షన్లు కూడా అంతే. ఏప్ట్ మార్క్ షోమాన్యువల్ అనే కమాండ్ ఇచ్చే ప్యాకేజీల జాబితా కూడా అదే గిట్‌లో వేయండి. డిస్‌ప్లే అమరిక డీకాన్ఫ్‌లో ఉండదు, మానిటర్స్ డాట్ ఎక్స్ఎమ్ఎల్ ఫైలు విడిగా కాపీ చేసుకోవాలి.

షేమ్వా మంచిదే, కానీ అది బ్యాష్, విమ్ లాంటి మామూలు టెక్స్ట్ కాన్ఫిగ్ ఫైళ్ళకి, అదీ రెండు మూడు మెషీన్లు ఒకేలా ఉండాలనుకునేవాళ్ళకి. ఒక్క సిస్టమ్‌కి అంత హడావుడి ఎందుకు? గ్నోమ్ బదులు కేడీఈ అనే డెస్క్‌టాప్ వాడి ఉంటే సలహా వేరేగా ఉండేది, దాని సెట్టింగ్స్ టెక్స్ట్ ఫైళ్ళే కాబట్టి నేరుగా గిట్‌లోకి వెళ్తాయి.

మీ సిస్టమ్‌ని పిల్లలో, ఆఫీసులో నలుగురో వాడుతుంటే బ్యాకప్ కన్నా తాళం నయం. ఈటీసీ (సిస్టమ్ సెట్టింగ్స్ ఉండే ఫోల్డర్) కింద డీకాన్ఫ్ ఫోల్డర్‌లో లాక్స్ ఫైలు రాసి, డీకాన్ఫ్ అప్‌డేట్ కొడితే ఆ కీలు ఎవరూ మార్చలేరు. ముందు డీకాన్ఫ్ యూజర్ ప్రొఫైల్ ఫైల్లో ఆ తాళాలున్న డేటాబేస్ పేరు చేర్చాలి, అది లేకపోతే తాళం పడదు.