నీ ఉత్తరంలోని అయిదు వాక్యాలు

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథా, దానికి జతచేసిన ఉత్తరమూ అందాయి. కథను రెండుసార్లు, ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. ఇలా అంటే నీకు కష్టం కలుగుతుందేమో గాని, రెండింటిలో ఉత్తరమే బాగుందమ్మా. కథలో హైదరాబాదు అపార్టుమెంటు ఉంది, అందులో మాట్లాడుకోని భార్యాభర్తలు ఉన్నారు, భాషలో ఎక్కడా తడబాటు లేదు. అయితే ఆ ఇంటి కిటికీ తెరిస్తే అవతల ఏమి కనిపిస్తుందో నీకు తెలిసినట్టు నాకు అనిపించలేదు. ఉత్తరంలో మాత్రం, మీ నాన్నగారు గూడ్సు బళ్లు నడిపిన రోజులను తలచుకుంటూ, అరకు కొండల మీదుగా వెళ్లే కిరండోల్ రైలు లైను గురించి అయిదు వాక్యాలు రాశావు. ఇనుప ఖనిజం నింపుకున్న బండి కొండ మీది శిమిలిగూడ స్టేషను దాటి కిందికి దిగుతున్నంతసేపూ ఆయన చెవులు చక్రాల దగ్గరే ఉండేవనీ, ఉద్యోగం మానిన తర్వాత కూడా రాత్రివేళ వీధిలో ఏ లారీ బ్రేకు కీచుమన్నా నిద్రలోనే ఆయన కుడిచెయ్యి కదిలేదనీ రాశావు. ఆ వెంటనే, "ఇవన్నీ ఎవరికి కావాలి, మన్నించండి" అని ముగించావు. ఈ జవాబంతా ఆ ఒక్క మాట గురించే రాస్తున్నాను.

పాఠకులకు ఏ విషయాలు నచ్చుతాయో తెలుసుకుని, వాటి మీద రాయాలా అని అడిగావు. నీ వయసులో నేనూ అలాగే అనుకున్నాను, అనుకోవడమే కాక చేసి కూడా చూశాను. ప్రపంచ కప్పు ఆటలు జరుగుతున్న రోజుల్లో ఒక వారపత్రిక వారు క్రికెట్ నేపథ్యంగా కథ కావాలన్నారు. నాకు ఆ ఆట మీద ఏనాడూ ఆసక్తి లేదు, ఎవరు గెలిచారో మర్నాడు పేపరు చూసి తెలుసుకునేవాణ్ణి. అయినా దేశమంతా ఆ ధ్యాసలోనే ఉంది కదా, చదివేవాళ్లకు కొదవేమిటని ఒప్పుకున్నాను. కథ అచ్చయింది. మెచ్చుకోలు రాలేదు, తిట్టు కూడా రాలేదు. అందులో ఆటకు సంబంధించిన పొరపాట్లు నాలుగయినా ఉండి ఉంటాయి, వాటిని ఎత్తిచూపడానికి సైతం ఎవరూ అర్ధరూపాయి ఖర్చు పెట్టలేదు. నేను ఆ ఆట దగ్గర నిలబడి లేనని మొదటి పేరాలోనే వాళ్లకు తెలిసిపోయి, పేజీ తిప్పేసి ఉంటారు.

దీనికి పూర్తిగా భిన్నమైన అనుభవం ఏడెనిమిదేళ్ల కిందట కలిగింది. నాకు చిన్నప్పటి నుంచీ చేపల రేవంటే పిచ్చి. సెలవు దొరికితే తెల్లవారుజామునే ఫిషింగ్ హార్బరుకు వెళ్లి, మరపడవలు జెట్టీకి చేరడం, వంజరం, చందువా, కానాగంతలు వేరువేరు కుప్పలయ్యి వేలం పాటకు రావడం చూస్తూ నిలబడేవాణ్ణి. కొనేది మాత్రం ఏమీ ఉండదు, మా ఇంట్లో చేప వండరు. ఆ చూపులన్నీ కూడబెట్టుకుని మరపడవ నడిపే ఒక ముసలి సరంగు మీద కథ రాశాను. అతడు మే నెల నడిమి రోజుల్లో, కొడుకుతో పోట్లాడి, మరపడవ తీసుకుని వేటకు వెళ్లిపోతాడు. కథ వచ్చిన పదిహేను రోజులకు రూళ్ల కాగితం మీద ఒక ఉత్తరం వచ్చింది. రేవులో ముప్ఫయ్యేళ్లకు పైగా సరంగుగా పనిచేసిన ఒక పెద్దాయన చెబుతుంటే మనవరాలు రాసిపెట్టిందట. "బాబూ, మే నెలలో మా పడవలు కదలవు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బంద్, అది మీకు తెలియకపోవడమేమిటి" అని మొదలుపెట్టారు.

సిగ్గుతో తల వాలిపోయింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తూర్పు తీరమంతటా ఆ 61 రోజులూ ఇంజను పడవలకు వేట నిషేధిస్తారు. ఆ సంగతి ఏటా పత్రికల్లో చదువుతూనే ఉన్నాను, జెట్టీ పొడుగునా ఒకదానికొకటి ఆనించి కట్టేసిన పడవలను కళ్లారా చూస్తూనే ఉన్నాను. కథకు ఎండాకాలం కావలసి వచ్చేసరికి అదంతా మరిచిపోయాను. అయితే ఆ ఉత్తరంలో నేను దాచుకున్నది ఆ మందలింపును కాదు, దాని తర్వాతి భాగాన్ని. నా కథలో ముసలాయన వల బాగుచేసుకుంటూ, దాన్ని కాలి బొటనవేలికి తగిలించి బిగలాగి పట్టుకుంటాడు. "అది చూసి రాశారని తెలిసింది, అందుకే మిగతా తప్పు చెప్పాలనిపించింది" అన్నారు ఆయన. ఈ మాటను నువ్వు జాగ్రత్తగా ఆలోచించు. కథ అంతా తప్పులతడక అయి ఉంటే ఆయన నవ్వుకుని పక్కన పడేసేవారు. ఒక్క బొటనవేలు నిజంగా ఉండడం వల్ల, ఇతనూ వల వైపు చూసినవాడే, మనవాడే అనుకున్నారు, ఆ చనువుతోనే కోప్పడ్డారు.

తర్వాత ఆయనను వెతుక్కుంటూ వెళ్లాను. తెప్పల మీద వేటకు వెళ్లిన రోజుల్లో యారాడ కొండనూ, ఉత్తరపు దిక్కున ఉన్న కొండలనూ కంటితో గురుతుపట్టి, ఏ కొండ ఏ కొండ వెనక్కి జరిగిందో చూసుకుని చేపలుండే తావు చేరుకునేవారని వివరించారు. బంద్ కాలంలో ప్రభుత్వం ఇచ్చే భృతి ఎన్నాళ్లకు చేతికందుతుందో, అంతదాకా ఇల్లు ఏ అప్పుతో గడుస్తుందో కూడా చెప్పారు. పడవ కదలని ఆ రెండు నెలల్లోనే అసలు కథ ఉందని, నేను రాసినది దాని పక్క నుంచి దాటిపోయిందని నాకు అప్పుడు అర్థమైంది. రెండో కథ రాసి, అచ్చుకు పంపేముందు ఆయనకు చదివి వినిపించాను. రెండుచోట్ల అడ్డు తగిలారు, ఒకచోట చాలాసేపు మాట్లాడలేదు. ఏ సభలోనూ దొరకని సన్మానం అదని నేను అనుకుంటాను (సభల్లో దొరికిన శాలువాలు మా ఇంట్లో బీరువా పై అరలో ఉన్నాయి, శీతాకాలంలో కూడా వాటి అవసరం ఈ ఊళ్లో రాదు).

ఈ ఊరి రచయితల్లో రావిశాస్త్రి గారిని చూడు. ఆయన వృత్తి వకాల్తా. కోర్టు వరండాలో నిలబడే సాక్షులూ, పోలీసులూ, సారా కేసుల్లో ఇరుక్కున్న పేదలూ ఆయనకు రోజూ ఎదురయ్యే మనుషులు. ఆయన కథల్లో ఆ మనుషులు నోరు విప్పితే, కోర్టు మెట్లెక్కని పాఠకుడు కూడా నమ్మడానికి కారణం అదే. వాళ్ల మీద ఆయనకున్నది తెలిసినవాడి ఆసక్తి.

ఇక్కడ నీకొక హెచ్చరిక చెయ్యాలి, ఎందుకంటే నీ అయిదు వాక్యాల్లోనే దాని అవసరం కనిపించింది. "దిగుడులో బి.పి. అయిదు కేజీలు నిలవాలి" అని రాశావు. నా వయసువాడికి బీపీ అంటే ఉదయం మాత్ర వేసుకునే జబ్బు. మీ నాన్నగారి ఆరోగ్యం సంగతి కాబోలని కాసేపు కంగారుపడ్డాను. మా పక్కింట్లో రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒకాయన ఉన్నారు, ఆయనను అడిగితే నవ్వి, అది బ్రేకు పైపు అని, అందులో గాలి ఒత్తిడి అంత ఉండాలని చెప్పారు. పైపులో గాలి నిండుగా ఉంటే బ్రేకు విడిచి ఉంటుందట, గాలి తగ్గితే పడుతుందట. ఎక్కడైనా పైపు తెగి గాలి పోతే బండి దానంతట అదే ఆగిపోయేలా అమర్చారన్నమాట. నేను డెబ్బయ్యేళ్లు దీనికి తలకిందులుగా అనుకుంటూ రైళ్లెక్కాను. అది విన్నప్పటి నుంచి, ఖాళీ అయితే ఆగిపోయే ఆ బండిని తలచుకుంటూ, మీ నాన్నగారు ఇంట్లో ఎప్పుడు ఎలా మౌనంగా ఉండేవారో అడగాలనిపిస్తోంది. చూశావా, నువ్వు "బి.పి." అని వదిలేసినచోట నేను బయటే నిలబడిపోయాను, ఆయన ఒక్క మాట విప్పి చెప్పేసరికి లోపలికి వచ్చేశాను. తోటి డ్రైవర్లకు ఆ రెండక్షరాలు చాలు. మిగతా వాళ్లకు తలుపు నువ్వే తెరవాలి. పాఠం చెబుతున్నట్టు మాత్రం తెరవకు, ఒక చెయ్యి బ్రేకు మీద ఎలా ఆనుకుని ఉంటుందో చూపిస్తే చాలు.

నీకు తెలిసినదంతా గుమ్మరించే పని కూడా పెట్టుకోకు. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని మన రేవు మీదుగా జపానుకు పంపడానికి 1960లలో ఆ లైను వేశారనీ, శిమిలిగూడ సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉందనీ నీకు కంఠస్థమై ఉంటుంది. అవి పాత్రకు బరువో భయమో కలిగించే చోట వస్తే రానీ, లేకపోతే నోటుపుస్తకంలోనే ఉండనీ. రైలు పిచ్చి ఉన్న పాఠకుడు అంకెలు నీకంటే ఎక్కువే పోగుచేసి ఉంటాడు, అతనికి కావలసింది అంకెలు కావు. 2017 నుంచి అరకు బండికి అద్దాల బోగీ తగిలిస్తున్నారు కదా, అందులో యాత్రికులు సొరంగం రాగానే కేకలు పెడతారు. ముందు ఇంజనులో ఉన్నవాడు ఆ చీకట్లో దేనికోసం చూస్తున్నాడో వాళ్లకూ, రైలు పిచ్చివాళ్లకూ ఒకేసారి చెప్పగలిగినదానివి నువ్వు.

అపార్టుమెంటు కథను చింపెయ్యమని నేను అనను, పక్కన పెట్టు. వచ్చే నెలలో ఒక రోజు ఉదయం బండెక్కి, బొర్రా, చిమిడిపల్లి, త్యాడ మీదుగా శివలింగపురం దాకా ఆ దిగుడు మరోసారి చూసి రా. వీలైతే మీ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకో. ఆయనను ప్రశ్నలతో విసిగించకు, చెయ్యి ఎక్కడ కదులుతుందో గమనించు. తర్వాత ఆ అయిదు వాక్యాలనూ పది పేజీలు చేసి నాకు పంపు. మన్నించమన్న వాక్యం అందులో ఉండకూడదు. మా పక్కింటాయనకు ఈ సంగతి ముందే చెప్పాను. తప్పు దొరికితే వదిలిపెట్టనని, ఎర్ర పెన్సిలు చెక్కి బల్ల మీద పెట్టుకున్నారు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి.