పుస్తకం అట్ట లోపలి రాత

ప్రశ్న: మా జేజి పెట్టెలో దొరికిన పాత పురాణ గ్రంథం అట్ట లోపల సిరాతో ఇలా రాసి ఉంది: ‘విశ్వావసు సం।। మాఘ శు।। 5 సోమవారము. కడప జిల్లా వాయల్పాడు తాలూకా నివాసి మ.రా.రా.శ్రీ ... గారు తమ దౌహిత్రి చి.ల.సౌ. ...కు ఇచ్చినది.’ పుచ్చుకున్న పేరు మా జేజి తల్లిది. ఇచ్చిన వారి ఇంటిపేరు మాత్రం మా వైపు గానీ జేజి పుట్టింటి వైపు గానీ ఎవరికీ లేదు. మా అబ్బాయి అది 1965 నాటి రాత అంటున్నాడు. కడపలో విచారిస్తే ఈ జిల్లాలో ఆ తాలూకానే లేదన్నారు. ఈ వంశాన్ని ఎక్కడ వెతకాలి?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, మీ చిక్కు అంతా ‘దౌహిత్రి’ అన్న ఒక్క మాటలో ఉంది. కొడుకు కూతురైతే పౌత్రి అని రాసేవారు. దౌహిత్రి అంటే కూతురి కూతురు. కాబట్టి ఆ పుస్తకం ఇచ్చిన పెద్దాయన మీ జేజి తల్లికి అమ్మ తండ్రి. ఆయన ఇంటిపేరు ఆమె పుట్టింటిదీ కాదు, మెట్టినింటిదీ కాదు, ఆమె తల్లి పుట్టింటిది. మన ఇళ్లలో ఆడపడుచుల వైపు ఇంటిపేర్లు రెండు తరాలకే మరుగున పడతాయి గనుక మీకు తెలియకపోవడంలో వింత లేదు.

ఇక సంవత్సరం. విశ్వావసు అరవై ఏళ్లకొకసారి వస్తుంది: 1905, 1965, 2025. అయితే ఏడాది ఉగాదితో మొదలవుతుంది కనుక దాని మాఘమాసం ఇంగ్లీషు లెక్కలో మరుసటి సంవత్సరంలో పడుతుంది. మీ అబ్బాయి ఇక్కడ ఒక ఏడాది వెనకబడ్డాడు. 1966లో మాఘ శుద్ధ పంచమి జనవరి 26, బుధవారం. 1906లో అదే తిథి జనవరి 29, సోమవారం. రాతలో ఉన్నదీ సోమవారమే కనుక అది 1906 నాటిది. తాలూకా సంగతి కూడా దీనికే సాక్ష్యం చెబుతోంది: వాయల్పాడు, మదనపల్లె తాలూకాలు అప్పట్లో కడప జిల్లావే, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. వాయల్పాడును ఇప్పుడు వాల్మీకిపురం అంటున్నారు. కడపలో మీకు చెప్పినది అబద్ధం కాదు, నూరేళ్లు ఆలస్యంగా అడిగారంతే. ‘మ.రా.రా.శ్రీ’ అంటే మహారాజరాజశ్రీ, పెద్దల పేరు ముందు రాసే గౌరవ పదం. ‘చి.ల.సౌ.’ అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. మాఘం పెళ్లిళ్ల మాసం కూడాను, కనుక ఇది పెళ్లి కానుకే అయి ఉండాలని నా ఊహ.

ఆ కుటుంబానికి ఇనాం భూమి (పాలకులు పన్ను లేకుండానో, తగ్గించో దానంగా ఇచ్చిన భూమి) ఉండి ఉంటే మీ పని సులువవుతుంది. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ ఊరూరా విచారించి రాయించిన ఇనాం రిజిస్టర్లలో అప్పటి ఇనాందారు పేరు, మొదట ఇనాం పొందిన వారి పేరు, వారి మధ్య వరస కనిపిస్తాయి. 1906లో మనుమరాలి పెళ్లి చేసిన వ్యక్తికి ఆనాడు చిన్నతనం కనుక ఆయన పేరు కోసం కాక అదే ఇంటిపేరుతో ఆయన తండ్రి, తాతల కోసం చూడండి. మొదట చిత్తూరు కలెక్టరేట్‌లో ఊరి పేరు చెప్పి అడగండి. ఇనాం లేని కుటుంబమైతే ఆ ఊరి పాత భూమి రిజిస్టర్లు, గుడి శాసనాలు, అక్కడ మిగిలిన వృద్ధులే దిక్కు.

అక్షరాలు పోల్చుకోలేకపోతే కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో పాత రాత చదవగలిగిన వారికి చూపించండి. అంతవరకూ పుస్తకాన్ని బైండింగుకు మాత్రం ఇవ్వకండి. బైండరు మొదట చింపి పారేసేది ఆ అట్ట లోపలి కాగితాన్నే.