మధ్యాహ్నం పూటే డ్రైవ్ ఓవర్ హీట్ వార్నింగ్ ఇస్తుంటే

ఆటోనగర్ షెడ్డులో 30 కిలోవాట్ల డ్రైవ్ (మోటార్ వేగాన్ని అదుపు చేసే పెట్టె) మధ్యాహ్నం రెండయ్యేసరికి ఓవర్ హీట్ అంటోందని, ప్యానెల్ ఫ్యాన్ మార్చినా తగ్గలేదని అడిగారు కదండీ. ముందు ఆ వార్నింగ్ డ్రైవ్ వేడిని బయటికి వదిలే లోహపు రెక్కల దిమ్మ, అంటే హీట్‌సింక్‌దా, మోటార్ ఓవర్‌లోడ్‌దా చూడండి. రెండింటికీ కోడ్ వేరు, మందూ వేరు. మీరు చెప్పినదాన్ని బట్టి హీట్‌సింక్‌దే అనుకుంటున్నాను.

ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐస్ ప్లాంట్‌లో నాకు ఇదే వచ్చింది. ఫిల్టర్ శుభ్రంగా ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది. ఏమీ తోచక ప్యానెల్ తలుపు తీసి, ఎదురుగా పెడెస్టల్ ఫ్యాన్ పెట్టి మూడు రోజులు నడిపాం. దయచేసి మీరలా చేయకండి. మన ఉప్పుగాలి, దుమ్ము నేరుగా సర్క్యూట్ కార్డుల మీదికి పోతాయి. చివరికి డ్రైవ్‌ను మౌంటింగ్ నుంచి విప్పి వెనక్కి తిప్పితే అసలు సంగతి బయటపడింది. హీట్‌సింక్ రెక్కల మధ్య బొగ్గు ధూళి, ఉప్పు తేమ కలిసి దుప్పటిలా పట్టేశాయి. ముందు నుంచి చూస్తే అది కనపడనే కనపడదు.

డ్రైవ్ తీసుకునే పవర్‌లో 2, 3 శాతం వేడిగా పోతుంది. అంటే ఫుల్ లోడులో మీ ప్యానెల్‌లో పొద్దస్తమానం ఒక ఇస్త్రీపెట్టె కాలుతున్నట్టే. పైగా చాలా డ్రైవ్‌లకు పూర్తి రేటింగ్ చుట్టూ ఉన్న గాలి 40 డిగ్రీల వరకే ఇస్తారు. మే నెలలో రేకుల షెడ్డులో ప్యానెల్ లోపల అది ఎప్పుడో దాటిపోతుంది.

విప్పే ముందు సప్లై ఆపి తాళం వేయండి. 415 వోల్టుల సప్లైకి డీసీ బస్ (డ్రైవ్ లోపల కెపాసిటర్లుండే డీసీ లైన్) మీద 560 నుంచి 590 వోల్టులు ఉంటాయి, ఆపిన వెంటనే పోవు. లేబుల్ మీద రాసినంత సేపు ఆగి, మీటర్ పెట్టి చూశాకే చేయి పెట్టండి. మెత్తటి బ్రష్షు, తక్కువ ప్రెషర్‌లో పొడి గాలి చాలు. కంప్రెసర్ లైన్‌లో నీళ్లుంటే ముందు డ్రెయిన్ చేయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేదంటే విపరీతమైన స్పీడులో తిరిగి బేరింగ్ పోతుంది.

ఇంకొకటి, క్యారియర్ ఫ్రీక్వెన్సీ, అంటే డ్రైవ్ లోపలి స్విచ్చులు సెకనుకు ఎన్నిసార్లు ఆన్, ఆఫ్ అవుతాయో ఆ లెక్క. మోటార్ ఈల వేస్తోందని మా దగ్గర ఎవరో 4 నుంచి 10 కిలోహెర్ట్జ్‌కి పెంచేశారు. అది పెరిగితే ఆ స్విచ్చుల్లో, అంటే ఐజీబీటీల్లో స్విచింగ్ వేడి పెరుగుతుంది. తిరిగి 4 చేసేసరికి హీట్‌సింక్ రీడింగ్ బాగా దిగింది.

ఇవన్నీ చేశాక కూడా వార్నింగ్ వస్తే, ఆ సమయానికి హీట్‌సింక్ టెంపరేచర్, అవుట్‌పుట్ కరెంటు, షెడ్డులో వేడి ఎంతో రాయండి, చూద్దాం.