ఎక్స్‌రే యంత్రం కొనే ముందు రెండు నెలల లెక్క రాయండి

ప్రశ్న: నరసరావుపేటలో నాలుగేళ్లుగా సొంత పశువైద్యశాల నడుపుతున్నాను. ఎక్కువగా కుక్కలు, పిల్లులు వస్తాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి గేదెలనూ తెస్తారు. ఖర్చులన్నీ పోను నెలకు లక్షా పది వేలు మిగులుతుంది. ఇంటి రుణం వాయిదా 24 వేలు. బ్యాంకు డిపాజిట్లలో 9 లక్షలు ఉన్నాయి. నెలకు సుమారు 35 కేసులకు ఎక్స్‌రే రాస్తున్నాను. మనుషుల డయాగ్నస్టిక్ సెంటరులో రాత్రి ఎనిమిది దాటాక తీస్తారు, 450 రూపాయలు తీసుకుంటారు. నాకు మూడు కొటేషన్లు వచ్చాయి. మూతపడుతున్న ఒక ఆసుపత్రి నుంచి పాత 300 ఎంఏ యంత్రం, సీఆర్ రీడరుతో కలిపి 4.75 లక్షలు. కొత్త 100 ఎంఏ హై ఫ్రీక్వెన్సీ పోర్టబుల్, డీఆర్ ప్యానెల్‌తో 8.5 లక్షలు. కొత్త 300 ఎంఏ స్థిర యంత్రం, డీఆర్ ప్యానెల్‌తో 14 లక్షలు. పన్ను అదనం. ఏది కొనాలి? రుణం కోసం స్థలం తాకట్టు పెడదామని మావారు అంటున్నారు. ఫీజు ఎంత పెట్టాలో కూడా చెప్పండి.

జవాబు: డాక్టరు గారూ, యంత్రాల గురించి ఇంత వివరంగా రాశారు, కేసుల గురించి మాత్రం ఒక్క ముక్కతో సరిపెట్టారు. నాకు కావలసింది ఆ ఒక్క ముక్కే. 35 అన్నది మీరు రాసిచ్చిన చీటీల సంఖ్యా, తీయించుకుని తిరిగి వచ్చినవారి సంఖ్యా? కుంటుతున్న కుక్కను రాత్రి ఎనిమిది దాటాక ఆటోలో ఇంకో చోటికి తీసుకెళ్లమంటే కొందరు ఆ రాత్రే వెళ్తారు, కొందరు మందులతో చూద్దామని ఇంటికి తీసుకెళ్లిపోతారు. మీ దగ్గరే యంత్రం ఉంటే ఆ రెండో రకంలో కొంతమంది ఒప్పుకుంటారు, అందరూ కాదు. కాబట్టి కౌంటరు దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టి రెండు నెలల పాటు మూడు గడులు నింపించండి: రాసినవి, తీయించుకున్నవి, తీయించుకోకపోతే ఎందుకని. ఈలోగా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. ‘ఈ నెలాఖరుకే ఈ ధర’ అనే మాట ప్రతి నెలా వినిపిస్తుంది.

ఇప్పుడు కొటేషన్లు చూద్దాం. పాత యంత్రం ధర చూసి ఎవరికైనా మనసు లాగుతుంది, కానీ నేనైతే ముందు దాన్నే పక్కన పెడతాను. మన దేశంలో ఎక్స్‌రే యంత్రం ఎవరి దగ్గర ఉన్నా అది అణుశక్తి నియంత్రణ మండలి లెక్కలో ఉండాలి. ఆ మండలి నడిపే ఈ-లోరా పోర్టల్‌లో ఆ ఆసుపత్రి పేరిట ఉన్న నమోదు రద్దు కావాలి, మీ పేరిట కొత్తగా రావాలి, గది నక్షా చూపాలి, నాణ్యత పరీక్ష చేయించాలి. మూతపడుతున్న సంస్థలో ఆ కాగితాల కోసం తిరిగేవారు ఎవరు? డబ్బు చేతికి అందాక మీ ఫోను ఎత్తేవారు ఎవరు? పైగా పాత యంత్రంలో కిరణాలు పుట్టించే ట్యూబు ఎంత అరిగిందో చూసి చెప్పలేరు. అది పోతే మార్చే ఖర్చు మీరు ఆదా చేశామనుకున్నదాన్ని మింగేస్తుంది. సీఆర్‌లో ప్రతి ప్లేటునూ తీసి రీడరులో పెట్టాలి. బొమ్మ వచ్చాక పొజిషన్ కుదరలేదని తెలిస్తే, అప్పటికే బల్ల దిగిన లాబ్రడార్‌ను ఇద్దరు కలిసి మళ్లీ ఎక్కించాలి. డీఆర్‌లో కుక్క బల్ల మీద ఉండగానే, కింద ఉన్న ప్యానెల్ నుంచి బొమ్మ నేరుగా తెర మీద పడుతుంది.

ఎంఏ, అంటే ట్యూబులో పారే కరెంటు, దాని సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు గానీ, డబ్బు లెక్క దాని మీదే ఆధారపడింది. కుక్క ఛాతీకి 5 ఎంఏఎస్ (ఎంఏను సెకన్లతో గుణిస్తే వచ్చేది) కావాలనుకుందాం. 20 ఎంఏ చేతి యంత్రానికి పావు సెకను పడుతుంది. రొప్పుతున్న కుక్కకు ఆ పావు సెకనులో ఊపిరితిత్తులు చెదిరిపోతాయి. 100 ఎంఏకు సెకనులో ఇరవయ్యో వంతు చాలు. 300 ఎంఏకు అరవయ్యో వంతు. అంటే ఇరవై నుంచి వందకు ఎక్కితే బొమ్మ పనికొచ్చేది అవుతుంది. వంద నుంచి మూడు వందలకు ఎక్కితే ఇంకా మెరుగవుతుంది, కానీ 5.5 లక్షలు ఎక్కువ పెట్టేంత మెరుగు మీ క్లినిక్‌కు అవసరమా? మేకు మింగిన గేదెకు పొట్ట ఎక్స్‌రే తీయడానికే పెద్ద యంత్రం అని మీ మనసులో ఉంటే, అలాంటి కేసులు నెలకు ఎన్నో అదే నోట్‌బుక్‌లో రాయండి. వేళ్ల మీద లెక్కపెట్టేన్ని అయితే గన్నవరం పశువైద్య కళాశాలకు పంపడమే చవక. గేదె కాలికి పోర్టబుల్ సరిపోతుంది.

కాబట్టి రెండో కొటేషన్ మీదే లెక్క వేస్తాను. 8.5 లక్షల మీద 5 శాతం జీఎస్టీ 42,500. వైద్య, పశువైద్య ఎక్స్‌రే పరికరాల మీద 12 శాతం ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమైంది. మీ కొటేషన్ కాగితం మీద ఇంకా 12 ఉంటే సరిచేయించండి. పశువైద్య సేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కనుక యంత్రం మీద కట్టిన పన్ను మీకు తిరిగి రాదు. అది ధరలో భాగమే. అందుకే మూడు కొటేషన్లనూ పన్నుతో కలిపే పోల్చండి. సీసపు ఏప్రాన్లు, చేతి తొడుగులు, థైరాయిడ్ కవచం, తలుపుకు సీసం రేకు, స్టెబిలైజరు, ఎర్తింగ్, సిబ్బందికి తగిలే రేడియేషన్ డోసు కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీలు అన్నీ కలిపి మొత్తం 10.5 లక్షలు అవుతుందని అనుకుందాం.

ఇందులో 2.5 లక్షలు డిపాజిట్ల నుంచి తీయండి. మిగిలిన 6.5 లక్షలు ముట్టుకోకండి. మీరు నెల రోజులు మంచం పడితే క్లినిక్ అద్దె, జీతాలు, ఇంటి వాయిదా అందులోంచే కట్టాలి. 8 లక్షలు రుణం తీసుకోండి. 11 శాతం వడ్డీతో ఐదేళ్లకు వాయిదా సుమారు 17,400. నిర్వహణకు నెలకు 3,600, ప్యానెల్ మార్పిడి నిధికి 5,000 కలపండి. నెలకు 26 వేలు. ఎక్స్‌రేకు 600 తీసుకుని, విడి ఖర్చులు 80 పోతే మిగిలేది 520. అంటే నెలకు 50 ఎక్స్‌రేలు తీస్తేనే యంత్రం తన ఖర్చు తాను సంపాదించుకుంటుంది. 35 దగ్గర ఆగితే ప్రతి నెలా 7,800 మీ జేబులోంచి పడుతుంది. మీ ఆదాయానికి అది మోయలేని బరువు కాదు. విరిగిన ఎముకల శస్త్రచికిత్సలు మీ దగ్గరే జరిగితే కొంత పూడుతుంది కూడా, కానీ వాటిని ముందే లెక్కలో వేసుకోకండి. నోట్‌బుక్‌లో ‘తీయించుకున్నవి’ నెలకు 35 దాటితే కొనండి. 25 లోపే ఉంటే ఇంకో ఏడాది ఆగండి. మధ్యలో ఉంటే ఊళ్లో మిగతా పశువైద్యులను కలవండి. వాళ్ల కేసులు మీ దగ్గరకు పంపడానికి ఒప్పుకుంటే లెక్క మారిపోతుంది.

స్థలం తాకట్టు వద్దని మీ వారికి నా మాటగా చెప్పండి. కేంద్ర ప్రభుత్వ ముద్రా రుణ పథకంలోని తరుణ్ విభాగం కింద 10 లక్షల వరకు హామీ లేకుండానే ఇస్తారు. అది కుదరకపోతే చిన్న సంస్థల రుణాలకు బ్యాంకుకు హామీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ పథకం గురించి బ్యాంకు మేనేజరును అడగండి. చిన్న సంస్థలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం, అది ముందే చేయించుకోండి. యంత్రం అమ్మేవారే ఏర్పాటు చేసే రుణం విషయంలో ఒక జాగ్రత్త. ‘8 శాతమే’ అంటే అది ఫ్లాట్ వడ్డీ, అంటే తీరిన అప్పును తీసేయకుండా మొదటి మొత్తం మీదే చివరిదాకా వేసే వడ్డీ, కాదు కదా అని అడగండి. 8 లక్షల మీద ఫ్లాట్ 8 శాతం అంటే ఐదేళ్లలో 3.2 లక్షల వడ్డీ, వాయిదా 18,667; నిజమైన వడ్డీ రేటు 14 శాతం పైనే. బ్యాంకులో 11 శాతానికి మొత్తం వడ్డీ సుమారు 2.44 లక్షలు.

ఆదాయపు పన్నులో యంత్రం మీద ఏటా 15 శాతం తరుగుదల చూపవచ్చు. ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే ఆ ఏడాది అందులో సగమే వస్తుంది. అందుకని మార్చిలో హడావుడిగా కొనకండి. మీరు రాబడిలో సగాన్ని లాభంగా చూపే అంచనా పద్ధతిలో రిటర్ను వేస్తున్నట్లయితే తరుగుదల విడిగా రాదు. కొనే ముందు ఆడిటరుతో ఒకసారి మాట్లాడండి.

ఇక ఒప్పందం. మొత్తం ఖరీదులో పెద్ద వాటా ప్యానెల్‌దే, త్వరగా పోయేదీ అదే. బరువైన కుక్క బల్ల మీద గింజుకుంటే కింద ఉన్న ప్యానెల్ జారుతుంది, అంచు నేలకు తగిలితే చాలు. వారంటీ ఇలాంటి దెబ్బలకు సాధారణంగా వర్తించదు. కాబట్టి ఎలక్ట్రానిక్ పరికరాల బీమా తీసుకుని, పడి పగలడం అందులో ఉందో లేదో పాలసీ చదివి చూడండి. నిర్వహణ ఒప్పందంలో విడి భాగాలు కూడా కలిశాయా, కలిస్తే ట్యూబు, ప్యానెల్ ఉన్నాయా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. డెమో వాళ్ల షోరూములో వద్దు. మీ క్లినిక్‌కే తెప్పించి, మీకు వచ్చే అసలు కుక్కకు, మీ కరెంటు మీదే తీయించండి. డబ్బులో పదో వంతు నమోదు పూర్తయ్యాకే ఇస్తానని ఆర్డరులో రాయించండి.

ఫీజు గురించి అడిగారు. సెంటరులో 450 అయినా మీ దగ్గర 600 ఎక్కువ కాదు, రాత్రి దాకా ఆగడం, ఆటో ఖర్చు రెండూ తప్పుతాయి కదా. అయితే ఒక్కో బొమ్మకు కాకుండా పక్క నుంచి ఒకటి, నిలువుగా ఒకటి, రెండింటికీ కలిపి 600 పెట్టండి. ఒక్క బొమ్మతో సరిపెట్టమని బేరమాడేవారికి అప్పుడు అవకాశం ఉండదు. బొమ్మ యజమాని ఫోనుకు పంపండి. ఫిల్ము కావాలన్నవారి దగ్గర దాని ధర విడిగా తీసుకోండి.