చెట్టు దగ్గర ఇద్దరు మనుషులు

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ వ్యాసం రెండుసార్లు చదివాను. చైనా లిపిలో ‘రావడం’ అనే అర్థమున్న ‘లై’ అక్షరం, చెట్టు దగ్గరికి ఇద్దరు మనుషులు వస్తున్న బొమ్మ అని రాశావు. వాక్యం ముచ్చటగా ఉంది. అయినా తీసెయ్.

పాత పద్ధతిలో రాసిన ‘లై’ని దగ్గరగా చూడు. మధ్యలో నిలువు గీత, పైన అడ్డగీత, కింద వేళ్ళలా విడిపోయిన రెండు గీతలు. అటొకటి ఇటొకటి ఉన్న చిన్న గుర్తులు మనిషి అక్షరంలాగే ఉంటాయి, నిజమే. కానీ మూడు వేల ఏళ్ళ కిందట, షాంగ్ రాజుల కాలంలో తాబేలు డిప్పల మీద, ఎద్దు ఎముకల మీద చెక్కిన రూపంలో అవి ఆకులు. అది గోధుమ మొక్క! ‘రావడం’ అన్న మాటకి బొమ్మ గీయడం కష్టం. గోధుమకున్న ఒక పేరూ ఆ మాటా దాదాపు ఒకేలా పలికేవి కాబట్టి గోధుమ బొమ్మనే వాడుకున్నారు. రాబోయే రోజుల గురించి చెప్పడానికి ఆ ఎముకల మీదే ఈ అక్షరం కనిపిస్తుంది.

క్రీ.శ. 100లో నిఘంటువు కూర్చిన షూ షెన్ కూడా పొరబడ్డాడు. గోధుమ, షాంగ్ తరవాత ఏలిన జౌ వంశానికి దైవం దగ్గర్నుంచి వచ్చిన ధాన్యం కనక ‘రావడం’ అయిందన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం. ఆ ఎముకల రాతని పండితులు గుర్తుపట్టింది 1899లో. నీకు చూసే వీలుంది, అందుకే నీమీద కోపం.

పుట్టుక దగ్గరే ఆగిపోకు, వాడుక కూడా చూడు. తథాగతుణ్ణి, అంటే బుద్ధుణ్ణి, చైనావాళ్ళు ‘రూలై’ అన్నారు, అంటే అలా వచ్చినవాడు. సంస్కృతంలో ‘అలా వెళ్ళినవాడు’ అని కూడా విడదీయొచ్చు, వాళ్ళు మాత్రం రావడాన్నే తీసుకున్నారు. దీనికి ఒక పేరా ఇవ్వు. ఎవరైనా బరువు ఎత్తలేక అవస్థ పడుతుంటే పక్కవాళ్ళు ‘వో లై’ అంటారు. మాటకి మాట పెడితే ‘నేను వస్తాను’, అసలు అర్థం ‘ఇలా ఇవ్వు, నేను చూసుకుంటా’.

హోటల్లో ‘లై యీ వాన్ మియెన్’ అంటే ఒక గిన్నె నూడుల్స్ తెమ్మని. తైవాన్‌లో ఈ మాట రాస్తే, నూడుల్స్ అక్షరానికి ఎడమ పక్కన గోధుమ అక్షరం ఉంటుంది, దాని పైభాగం మళ్ళీ ‘లై’నే. ఒక్క ఆర్డర్‌లో గోధుమ రెండుసార్లు! చైనాలో లిపిని సులువు చేసినప్పుడు నూడుల్స్‌కి ‘ముఖం’ అక్షరాన్నే వాడుకున్నారు, అక్కడ గోధుమ పోయింది.

ఆ గిన్నె దగ్గర్నుంచి మొదలుపెట్టి మళ్ళీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
నీ మాస్టారు